సెన్సర్ రెండుసార్లు మార్చినా దీపం ఆరలేదు

విజయవాడ అజిత్‌సింగ్ నగర్ నుంచి ఒక లెక్చరర్ రాసిన ఉత్తరం ఇది. గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు కామర్స్ చెబుతారు. వారధి దాటి, మంగళగిరి, కాజ టోల్‌గేటు మీదుగా రోజూ తన కారులోనే వెళ్లి వస్తారు. కారు 2018 మోడల్ పెట్రోలు బండి. వాయిదాలన్నీ ఆవిడ జీతంలోంచే కట్టారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఈ కారు కూడా బానెట్ ఎత్తు నీళ్లలో కొన్ని రోజులు నిలిచింది. బీమా సొమ్ము కొంత వచ్చింది. సీట్లు, కార్పెట్లు, స్టార్టర్ మోటారు మార్పించి, ఆయిళ్లన్నీ కొత్తవి పోయించారు. ఏడాదికి పైగా బండి మారు మాట లేకుండా నడిచింది.

ఇప్పుడు నాలుగు నెలలుగా డ్యాష్‌బోర్డు మీద ఇంజను గుర్తు పసుపు దీపం వెలుగుతోంది. ఆటోనగర్‌లోని మెకానిక్ స్కానరు పెట్టి, పొగ గొట్టంలో ముందు వైపు ఉండే ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు. కోడ్ పీ0135. మొదట పద్దెనిమిది వందల లోకల్ సెన్సర్ వేశారు. పాత సెన్సర్ తీగల ప్లగ్గు కోసి, తీగలు మెలిపెట్టి, టేపు చుట్టారు. దీపం రెండు రోజులు ఆరి, మళ్లీ వచ్చింది. తర్వాత ప్లగ్గుతో సహా కంపెనీ సెన్సర్ తెప్పించారు, అయిదు వేల రెండు వందలు. మళ్లీ రెండు రోజులే. ఇప్పుడు "ఈసీఎం పోయింది, పాతది వెతికి వేయించినా ఇరవై ఎనిమిది వేలవుతుంది" అంటున్నారు. ఈసీఎం అంటే ఇంజనును నడిపించే కంప్యూటరు. మైలేజీ కూడా పదిహేడు నుంచి పద్నాలుగుకు పడిపోయింది.

ఆ మెకానిక్ ఆవిడ నాన్నగారికి ఇరవై ఏళ్లుగా స్నేహితుడు. ఆవిడ బాబాయ్ అని పిలుస్తారు. బండి ఆవిడదే అయినా, ఏ సంగతైనా ఆవిడ నాన్నగారికే ఆయన ఫోను చేసి చెబుతారు. వేరే చోట చూపిస్తానంటే నాన్నగారు నొచ్చుకుంటున్నారు. తమ్ముడు "సెన్సర్‌ను బైపాస్ చేయిస్తే సరి" అంటున్నాడు. భర్త "నీళ్లలో మునిగిన బండి, అమ్మెయ్యి" అంటున్నారు. "బిల్లులో తప్పుంటే పట్టుకోగలను, తీగల్లో తప్పు నాకేం తెలుస్తుంది? బాబాయ్ నన్ను మోసం చేస్తున్నారా? ఇరవై ఎనిమిది వేలు పెట్టనా, బండి వదిలించుకోనా?" అని అడిగారు. పాత సెన్సర్, కొత్త సెన్సర్ ఫొటోలు కూడా పంపారు.

*

ముందు మీ చేతిలో ఉన్న కోడ్ సంగతి చూద్దాం. మీ తగాదాలన్నీ దాన్ని సగం చదివి వదిలేయడంతోనే మొదలయ్యాయి. పీ0135 అంటే ముందు సెన్సర్ పోయిందని కాదు. ముందు సెన్సర్‌లోని హీటరు సర్క్యూట్‌లో లోపం ఉందని. హీటరు ఆ సర్క్యూట్‌లో ఒక ముక్క మాత్రమే. ఫ్యూజు, రిలే, అక్కడి నుంచి వచ్చే తీగ, మధ్యలో అతుకులు, ప్లగ్గులోని పిన్నులు, హీటరు నుంచి ఈసీఎం దాకా వెళ్లే తీగ, ఈసీఎంలో దాన్ని కలిపి విడదీసే భాగం... ఇవన్నీ కలిస్తేనే సర్క్యూట్. వీటిలో ఎక్కడ తెగినా ఈసీఎం ఇదే కోడ్ చూపవచ్చు. సులువుగా విప్పి మార్చగలిగింది సెన్సర్ ఒక్కటే కాబట్టి అందరూ దాన్నే మారుస్తారు.

సెన్సర్‌లో హీటరు ఎందుకంటే, లోపల ఉండేది జిర్కోనియా పింగాణీ. ఒక పక్క పొగ, ఇంకో పక్క బయటి గాలి ఉంటే, రెండింటిలో ఆక్సిజన్ తేడాను బట్టి అది కొద్దిపాటి వోల్టేజీ పుట్టిస్తుంది. పెట్రోలు ఎక్కువైతే 0.8, 0.9 వోల్టుల దాకా, తక్కువైతే 0.1 దగ్గర. దాన్ని చూసి ఈసీఎం పెట్రోలును పెంచుతూ తగ్గిస్తూ, ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అనే లెక్క తప్పకుండా చూస్తుంది. కానీ ఆ పింగాణీ దాదాపు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే తప్ప పని చేయదు. 1976లో బాష్ తయారు చేసిన ఈ సెన్సర్‌ను వోల్వో కార్లలో మొదటిసారి బిగించినప్పుడు అందులో హీటరే లేదు. పొగ వేడికి కాగేదాకా ఆగాల్సిందే. ఎనభైలలో హీటరు వచ్చి చేరింది. మీరు పంపిన ఫొటోలో నాలుగు తీగలున్నాయి, రెండు తెల్లవి, ఒక నలుపు, ఒక బూడిద. ఆ రెండు తెల్లవే హీటరువి. నలుపు సంకేతం మోసేది, బూడిద దాని ఎర్త్. మీ గొడవంతా ఆ రెండు తెల్ల తీగలు వెళ్లి కలిసే దారిలోనే ఉంది. సంకేతం గురించి మీ కోడ్ ఒక్క ఫిర్యాదూ చేయలేదు.

ఇక మీ ఉత్తరంలోనే మూడు ఆధారాలున్నాయి. మీరు వాటిని బాధలుగా రాశారు, నేను ఆధారాలుగా చదువుకున్నాను.

మొదటిది, దీపం ప్రతిసారీ రెండు రోజులు ఆరి మళ్లీ రావడం. సెన్సర్ మార్చగానే బాగుపడి, తర్వాత మళ్లీ చెడిపోయిందని మీ ఇంట్లో అనుకుంటున్నారు. అలా జరిగి ఉండదు. ఇలాంటి లోపాల్లో చాలా కార్లు మొదటి ప్రయాణంలో తప్పు కనిపిస్తే లోపల రాసుకుని ఊరుకుంటాయి. తర్వాతి ప్రయాణంలో కూడా అదే తప్పు కనిపిస్తేనే దీపం వెలిగిస్తాయి. పైగా హీటరు పరీక్ష బండి చల్లగా ఉండి స్టార్టు అయినప్పుడే సరిగా జరుగుతుంది. అంటే స్కానరుతో కోడ్ చెరిపిన ఆ రెండు రోజులూ లోపం అలాగే ఉంది, దీపం మాత్రమే ఆరింది. బండి కోడ్లు చదివి ఫోనులో చూపే చిన్న ఓబీడీ పరికరం మీ తమ్ముడి దగ్గర ఉందన్నారు కదా, దానిలో పెండింగ్ కోడ్లు అనే చోట చూస్తే మొదటి ఉదయమే ఆ కోడ్ దొరికి ఉండేది.

రెండోది, రెండు వేర్వేరు సెన్సర్లకు ఒకే కోడ్ రావడం. లోకల్ సెన్సర్ విషయంలో కొంత అనుమానం ఉంచవచ్చు. దాని హీటరు నిరోధం మీ బండికి సరిపోకపోయినా ఇదే కోడ్ వస్తుంది. కానీ కంపెనీ సెన్సర్ కూడా డబ్బాలోంచి తీయగానే అదే రోగంతో రావడం అరుదు. కాబట్టి ఆ అయిదు వేల రెండు వందలు పూర్తిగా వృథా కాలేదు. లోపం సెన్సర్‌లో లేదు, బండి వైపు తీగల్లో ఉందని తేల్చిపెట్టింది. ఖరీదైన పరీక్షే, ఒప్పుకుంటాను. రెండు నిమిషాలు మల్టీమీటరు పెడితే తేలే సంగతి. పాత సెన్సర్ విప్పకముందే, దాని రెండు తెల్ల తీగల మధ్య ఓమ్‌లు కొలిచి ఉండాల్సింది. బండిని బట్టి రెండు మూడు ఓమ్‌ల నుంచి పదిహేను దాకా ఏదో ఒక అంకె వస్తే హీటరు తీగ తెగలేదన్నమాట. మీటరు అంకె చూపకపోతే తెగిందన్నమాట.

మూడోది మీరు రాయని కోడ్. వెనుక సెన్సర్ హీటరుకు పీ0141 అనే వేరే కోడ్ ఉంది. అది రాలేదు. చాలా కార్లలో ముందు, వెనుక సెన్సర్ల హీటర్లు రెండింటికీ ఒకే ఫ్యూజు నుంచి విద్యుత్తు వస్తుంది. మధ్యలో ఒక అతుకు దగ్గర తీగ రెండు పాయలవుతుంది. మీ బండిలోనూ అంతే అయితే ఫ్యూజు, రిలే బాగున్నట్టే. లోపం ఆ పాయ విడిపోయిన తర్వాత ముందు సెన్సర్ ప్లగ్గు దాకా, లేదా ప్లగ్గు నుంచి ఈసీఎంకు వెళ్లే తీగలో. మీ మోడల్ వైరింగ్ పటం చూస్తే ఇది నిమిషంలో తేలుతుంది. వెతకాల్సిన జాగా బండి మొత్తం నుంచి ఒకటి రెండు మీటర్ల తీగకు తగ్గిపోయింది చూడండి.

ఇప్పుడు బుడమేరు సంగతి. ఉత్తరంలో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు, బీమా లెక్కలకు మాత్రం పేజీ ఇచ్చారు. నేనైతే అక్కడే ఆగుతాను. నీళ్లలో నిలిచిన కారుకు సీట్లు ఆరతాయి, ఆయిలు మారుతుంది, తీగల లోపల చేరిన నీళ్లను ఎవరూ తీయరు. ప్లగ్గు రబ్బరు సీలు దాటి, అతుకు టేపు సందులోంచి దూరి, రాగి పోగుల మధ్యకు నీళ్లు పాకుతాయి. అప్పటికప్పుడు ఏమీ కాదు. నెలలు గడిచేకొద్దీ పచ్చటి చిలుము పట్టి, పోగులు ఒక్కొక్కటే తినేసుకుపోతాయి. పైన ప్లాస్టిక్ తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఏడాది బాగా నడిచి ఇప్పుడు మొరాయించడం ఆ నీళ్ల సంగతికి అడ్డురాదు, ఇంకా బలమిస్తుంది.

మెకానిక్ మల్టీమీటరు పెట్టి "పన్నెండు వోల్టులు వస్తోంది, తీగ బాగుంది" అన్నారని రాశారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ప్లగ్గు పీకి కొలిస్తే చిలుము పట్టిన తీగ కూడా పన్నెండే చూపిస్తుంది. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పాచి పట్టి మూసుకుపోయిన గొట్టంలో కూడా ఒత్తిడి నిండుగా ఉంటుంది. తిప్పితేనే సన్నటి ధార వస్తుంది. మల్టీమీటరు దాదాపు ఏమీ తాగదు కాబట్టి దానికి ఒక్క రాగి పోగు చాలు. హీటరు ఒక ఆంపియరు అటూ ఇటూ లాగుతుంది. ఆ లోడు పడినప్పుడు ఎన్ని వోల్టులు నిలుస్తాయన్నదే చూడాలి.

దీనికి ఇండికేటరులో వాడే 21 వాట్ల బల్బు చాలు. అది పన్నెండు వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు లాగుతుంది, హీటరుకు ఇంచుమించు జోడీ. సెన్సర్ ప్లగ్గు విప్పి, బండి వైపు ప్లగ్గులో విద్యుత్తు వచ్చే పిన్నుకు, ఇంజను ఎర్త్‌కు మధ్య ఆ బల్బు కలపాలి. కొన్ని బళ్లలో తాళం తిప్పగానే విద్యుత్తు వస్తుంది, కొన్నింటిలో ఇంజను నడిస్తేనే వస్తుంది. బల్బు వెలుగుతుండగా ఆ పిన్ను దగ్గర వోల్టులు, అదే సమయంలో బ్యాటరీ దగ్గర వోల్టులు కొలవాలి. రెండింటి మధ్య తేడా అర వోల్టు లోపు ఉంటే విద్యుత్తు వచ్చే దారి బాగుంది. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర, పిన్ను దగ్గర ఎనిమిదో తొమ్మిదో కనిపించి, బల్బు మసకగా వెలిగితే మీ దొంగ దొరికినట్టే.

ఆ దారి బాగుందనుకోండి. అప్పుడు రెండో తీగ. ఇంజను నడుస్తున్నంతసేపూ హీటరుకు విద్యుత్తు వస్తూనే ఉంటుంది. ఈసీఎం రెండో తీగను ఎర్త్‌కు కలుపుతూ విడదీస్తూ ఎంత వేడెక్కాలో నడిపిస్తుంది. అందుకే ఈసారి చిన్న బల్బు, 5 వాట్లదే వాడాలి. ప్లగ్గులోని రెండు హీటరు పిన్నుల మధ్య దాన్ని కలిపి, కోడ్ చెరిపి, చల్లటి ఇంజను స్టార్టు చేసి, మొదటి నిమిషంలోనే చూడాలి. తప్పు కనిపెట్టగానే కొన్ని ఈసీఎంలు ఆ లైను మూసేస్తాయి. బల్బు వెలిగినా, మినుకుమన్నా ఈసీఎం తన పని చేస్తున్నట్టు. 21 వాట్ల బల్బును మాత్రం ఈ రెండో తీగకు తగిలించనివ్వకండి. తీగను నేరుగా ఎర్త్‌కు తాకించి చూడటం కూడా వద్దు. బాగున్న ఈసీఎంను పాడుచేసే మార్గాలు అవే.

చిన్న బల్బు వెలగకపోతే కూడా ఈసీఎం పోయిందని కాదు. బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీఎం ప్లగ్గు విప్పి, అక్కడి పిన్ను నుంచి సెన్సర్ ప్లగ్గు పిన్ను దాకా ఓమ్‌లు కొలవాలి. ఒక ఓమ్ కంటే తక్కువ రావాలి. తీగను అటూ ఇటూ కదిలిస్తూ కొలవాలి, చిలుము పట్టిన తీగ కదిపితేనే బయటపడుతుంది. అది కూడా బాగుంటే, ఈసీఎం ప్లగ్గు పిన్నుల్లో పచ్చదనం లేకపోతే, అప్పుడు ఈసీఎం మీద అనుమానం న్యాయమైనది. అది నీళ్లలో తడిసిన బండి కాబట్టి ఆ అవకాశం లేదని నేను అనను. ఇన్ని మెట్లు దాటాక చేరాల్సిన చోటుకు మీ బాబాయ్ ఒక్క గంతులో చేరారు, అంతే. పైగా పాత ఈసీఎం తెచ్చి పెడితే తాళం చెవిలోని చిప్పుతో మళ్లీ జత కలపాల్సి వస్తుంది. ఇరవై ఎనిమిది వేలలో ఆ పని ఉందో లేదో కూడా అడగండి.

ఇవన్నీ మీరు చేయనక్కర్లేదు. కామర్స్ చెప్పేవారు కాబట్టి మీకు సరిపోయే పని ఒకటుంది. చిన్న పుస్తకంలో నాలుగు అంకెలు రాయించుకోండి: కొత్త సెన్సర్ హీటరు ఓమ్‌లు, లోడు మీద బ్యాటరీ వోల్టులు, లోడు మీద పిన్ను వోల్టులు, ఈసీఎం దాకా తీగ ఓమ్‌లు. ఈ అంకెలు లేకుండా ఎవరు ఏ భాగం పేరు చెప్పినా అది ఊహే. బాబాయ్ చెప్పినా, షోరూం వాళ్లు చెప్పినా, చివరికి నేను చెప్పినా.

బాబాయ్ మోసం చేస్తున్నారా అని అడిగారు. మీరు రాసిన దాన్ని బట్టి నాకు అలా అనిపించలేదు. కంపెనీ సెన్సర్ బిల్లు ధరకే ఇచ్చారు, రెండోసారి బిగించిన కూలి తీసుకోలేదు. మోసం చేసేవాళ్లు చేసే పని కాదది. ఇంజను విప్పి కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషికి తీగల్లో వోల్టేజీ ఎక్కడ జారిపోతోందో వెతకడం వేరే విద్య. ఆటోనగర్‌లో ఆ విద్యకు వేరే దుకాణాలే ఉన్నాయి కదా. ఇంజను పని ఒక చోట, డైనమో, స్టార్టరు, వైరింగ్ ఒక చోట, రేడియేటరు ఇంకో చోట. మీ సమస్యకు తేలిక దారి కూడా అక్కడే ఉంది. "బాబాయ్, ఈసీఎం మార్చే ముందు ఆ హీటరు లైను మీద లోడు పెట్టి ఒకసారి చూద్దాం. మీకు తెలిసిన మంచి ఎలక్ట్రీషియన్ ఉంటే మీరే పిలిపించండి, ఆయన కూలి నేనిస్తాను" అని అడగండి. బండి ఆయన షెడ్డులోనే ఉంటుంది, మనిషిని పిలిచింది ఆయనే అవుతుంది. మీ నాన్నగారు నొచ్చుకోవడానికి అందులో ఏమీ మిగలదు. ఎలక్ట్రీషియన్‌కు లోపం వెతికిన కూలి విడిగా ఇవ్వడం మరవకండి. మన దగ్గర భాగం మారిస్తేనే డబ్బులిస్తాం, వెతికినందుకు ఇవ్వం. అందుకే అందరూ భాగాలు మారుస్తారు.

దానికి ఆయన ఒప్పుకోకుండా "నా మాట మీద నమ్మకం లేదా అమ్మాయ్" అంటే? అప్పుడు మీకు రెండు దారులున్నాయి. ఒకటి, మీరే బయటి ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లడం. ఖర్చు తక్కువ, ఇంట్లో నాలుగు రోజులు మాటలు పడాలి. ఇంకోటి, కంపెనీ సర్వీసు సెంటరు. వాళ్ల దగ్గర వైరింగ్ పటం, సరైన స్కానరు ఉంటాయి. అయితే చిలుము పట్టిన తీగ దొరికితే, ఒక్క తీగను బాగుచేయడానికి బదులు ఇంజను వైరింగ్ మొత్తం మార్చాలని చెప్పే అవకాశం ఎక్కువ. నీళ్లలో మునిగిన బండికి అది తప్పుడు సలహా కాదు, కాకపోతే మీ బండి విలువకు అది భారీ బిల్లు. లోపం ఎక్కడో తేల్చడం వరకే రాయించుకుని, అంచనా కాగితం తీసుకుని, బాగుచేయడం వేరే చోట పెట్టుకోవచ్చు.

ఎక్కడ చేయించినా ఫోన్లు మాత్రం మీకే రావాలి. బిల్లు కట్టేది మీరు, తెల్లారి వారధి మీద ఆ బండి నడిపేది మీరు. ఇది మెకానిక్‌తో కంటే ముందు నాన్నగారితోనే అనండి. ఆయనకు ఫోను వచ్చినప్పుడు "అమ్మాయితో మాట్లాడు" అనేస్తే చాలు, బాబాయ్‌కి రెండోసారి చెప్పాల్సిన పని ఉండదు.

బాగుచేసేటప్పుడు ఒకటి రెండు చూసుకోండి. బండి వైపు తీగ తినేసి ఉంటే ఆ మేర కోసి, అదే మందం కొత్త తీగ సోల్డరు చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. పొగ గొట్టానికి తగలకుండా కట్టాలి. సెన్సర్ సొంత తీగలను మాత్రం కోసి అతకనివ్వకండి. చాలా సెన్సర్లు లోపలికి కావాల్సిన బయటి గాలిని ఆ తీగల పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి. సోల్డరు నింపినా, ఆయిల్ స్ప్రే కొట్టినా ఆ గాలి దారి మూసుకుపోతుంది. మీ లోకల్ సెన్సర్ మెలిక, టేపు చూశాక దాన్ని తిరిగి వాడమని నేను చెప్పలేను.

తమ్ముడి బైపాస్ సలహాకు నేను ఒప్పుకోను. వెనుక సెన్సర్ ప్రధానంగా పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టరు ఎలా పనిచేస్తోందో చూసే కాపలాదారు. ముందు సెన్సర్ అలా కాదు, పెట్రోలు లెక్క దాని మీదే నడుస్తుంది. దాన్ని తప్పిస్తే ఈసీఎం గుడ్డి అంచనాతో పెట్రోలు పోస్తుంది. ఎక్కువ పోస్తే కన్వర్టరు వేడెక్కి కరిగిపోవచ్చు, అప్పుడు కట్టాల్సిన బిల్లు ముందు ఈ సెన్సర్ బిల్లు చిల్లర. ఇక హీటరు బదులు రెసిస్టరు పెట్టి ఈసీఎంను ఏమార్చే పద్ధతి ఒకటుంది. పది ఓమ్‌ల రెసిస్టరు మీద పన్నెండు వోల్టులు పడితే పద్నాలుగు వాట్ల పైన వేడి పుడుతుంది. ఆ వేడి ముక్కను తీగల కట్టలో టేపు చుట్టి పెడతారు. బానెట్ కింద పెట్రోలు గొట్టాలుండే బండిలో అది చేయించుకోవద్దు.

ఏమీ చేయకుండా కొన్నాళ్లు నడపవచ్చా అంటే, నడపవచ్చు. దీపం నిలకడగా వెలుగుతున్నంత వరకు రోడ్డు మీద ఆగిపోయే లోపం కాదిది. హైవే మీద పొగ వేడికే సెన్సర్ కాగి పనిచేస్తుంది. చల్లగా స్టార్టు చేసినప్పుడు, బెంజి సర్కిల్ లాంటి చోట్ల ఎక్కువసేపు నిలబడి సెన్సర్ చల్లబడినప్పుడు లెక్క తప్పుతుంది. నష్టం ఏమిటంటే, దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే రేపు వేరే లోపం వచ్చినా మీకు తెలియదు. దీపం మినుకుమినుకుమని కొట్టుకుంటే మాత్రం అది మిస్‌ఫైరు, అంటే సిలిండరులో పెట్రోలు సరిగా మండటం లేదన్న హెచ్చరిక. వేగం తగ్గించి పక్కకు తీసి ఆపాల్సిందే.

ఇక్కడే మైలేజీ సంగతి. అందరూ దాన్ని కూడా సెన్సర్ ఖాతాలో రాసేశారు. నాకు అనుమానం. మీ ప్రయాణంలో ఎక్కువ భాగం హైవే. అక్కడ హీటరు లేకపోయినా సెన్సర్ పని చేయాలి. ఈ కోడ్ ఉన్నంతసేపూ సెన్సర్‌ను నమ్మకుండా నడిచే ఈసీఎంలు కొన్ని ఉన్నాయి. మీది అలాంటిదైతే తప్ప లీటరుకు మూడు కిలోమీటర్లు పోవడానికి ఇది చాలదు. తమ్ముడి పరికరంలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడండి, ఈసీఎం పెట్రోలును ఎంత శాతం సవరిస్తోందో అది చెబుతుంది. బండి కాగాక అది పది శాతానికి లోపే అటూ ఇటూ ఉంటే పెట్రోలు లెక్క బాగుంది, కారణం వేరే చోట వెతకాలి. నీళ్లలో నిలిచిన బళ్లలో నేను ముందు చూసేది బ్రేకులు. కాలిపర్ పిన్నులు, వెనుక డ్రమ్ముల్లోని భాగాలు తుప్పు పట్టి, పెడలు వదిలినా పూర్తిగా వదలవు. గుంటూరు చేరాక బ్రేకు ఎక్కువ తొక్కకుండా మెల్లగా ఆపి, నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, డిస్కును ముట్టుకోవద్దు. ఒక చక్రం మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అదే మీ పెట్రోలు తాగుతోంది. అది మైలేజీ కంటే ముందు భద్రత సంగతి కాబట్టి ఈ వారమే చూసుకోండి.

అమ్మే మాటకు వస్తే, మీవారి భయంలో అర్థం ఉంది. ఒక తీగ తినేసిందంటే పక్క తీగ వరుసలో నిలబడి ఉండవచ్చు. అందుకే ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడే ఫ్యూజు పెట్టె అడుగు భాగం, ఇంజను ఎర్త్ పాయింట్లు, ఈసీఎం ప్లగ్గు తీసి చూపించమనండి. చిలుము ఆ ఒక్క తీగకే ఉంటే బండి ఉంచుకోవడం లాభం. మూడు నాలుగు చోట్ల పచ్చగా కనిపిస్తే మీవారి మాటే నెగ్గుతుంది. దీపం వెలుగుతుండగా అమ్మితే కొనేవాడు ఇరవై ఎనిమిది వేల కంటే ఎక్కువే తగ్గించి అడుగుతాడు. కోడ్ చెరిపి ఆ రెండు రోజుల్లో అమ్మడం మీరు చేసే పని కాదని నాకు తెలుసు. బీమా రికార్డులో నీళ్ల సంగతి ఉండనే ఉంది, ఎలాగూ చెప్పి అమ్మాల్సిందే.

బాగుచేశాక దీపం ఆరిందని వెంటనే డబ్బు లెక్క తేల్చేయకండి. రాత్రంతా చల్లారిన బండిని వరుసగా నాలుగైదు ఉదయాలు స్టార్టు చేసి, కాలేజీకి వెళ్లి, చేరాక పెండింగ్ కోడ్లు చూడండి. అన్ని రోజులూ ఖాళీగా ఉంటే పని అయినట్టు. బాబాయ్‌తో కూడా ముందే ఆ మాట అనుకుని, కూలిలో కొంత ఆ అయిదో రోజు ఇస్తానని చెప్పండి.